పుస్తెలతాడు తాకట్టు పెట్టి దుబాయి పంపాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నాకు 33 ఏళ్లు, మా ఆయనకు 38. ఆయన తాపీ మేస్త్రి. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఎకరన్నర పొలంలో నాలుగు బోర్లు వేయించాం. ఒక్కదాంట్లో నీళ్లు పడ్డాయి, అదీ రెండో ఎండాకాలానికే వట్టిపోయింది. ఆ బోర్ల కోసం ఊళ్లో ఒకరి దగ్గర తెచ్చిన రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీ నడుస్తోంది. బ్యాంకులో పంట రుణం వేరే ఉంది. నేను బీడీలు చుడతాను. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, బాబు ఐదు.

మా అత్తగారి తరఫు చుట్టం ఒకాయన దుబాయికి మనుషులను పంపుతుంటాడు. విజిట్ వీసా మీద వెళితే దిగగానే కంపెనీలో పెట్టిస్తానని, నెలకు 1,500 దిర్హాములు ఇప్పిస్తానని అంటున్నాడు. లక్షా అరవై వేలు అడిగాడు. ఈ నెల 15 లోపు సగం కట్టాలట. నా పుస్తెలతాడు తాకట్టు పెట్టి, మిగతాది మళ్లీ వడ్డీకి తెద్దామని మా ఆయన అంటున్నారు. భర్త చనిపోయిన మా చెల్లెలిని (26 ఏళ్లు) కువైట్‌లో ఇంటిపనికి పంపుతానని, ఆమె ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదని కూడా ఆ చుట్టం చెబుతున్నాడు. ఆలోచిద్దామని నేనంటే, ‘మగవాడు బాగుపడతానంటే అడ్డం పడుతోంది’ అని మా అత్తగారు నలుగురిలో అంటున్నారు. ఈమధ్య ఆయన ఇంట్లో పడుకోవడం కూడా మానేశారు, పొలం దగ్గరే ఉంటున్నారు. ఏం చేయాలో చెప్పండి. పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, మీరు రాసింది నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. ఆ నాలుగు పేజీల్లో దుబాయి గురించి ఉన్నది ఒక్క పేజీ కూడా లేదు. మిగతాదంతా అప్పు గురించే. ఏ బోరుకు ఎంతైందో, ఎవరు ఎప్పుడు ఇంటిముందుకు వచ్చి ఏమన్నారో అన్నీ రాశారు. కాబట్టి నేనూ అప్పు దగ్గరే మొదలుపెడతాను. ఒక కాగితం, పెన్ను తీసుకుని నాతోపాటు మీరూ లెక్క వేయండి.

ఇప్పుడున్న రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 6,000. పుస్తెలతాడు మీద బ్యాంకులో ఒక 60,000 వస్తుందనుకుందాం. దానికి రూపాయి వడ్డీ వేసుకుంటే 600. మిగతా లక్ష మళ్లీ మూడు రూపాయలకే తెస్తారు కనుక ఇంకో 3,000. మొత్తం నెలకు 9,600. ఇది వడ్డీ మాత్రమే, అసలు కదలదు.

ఇక జీతం. 1,500 దిర్హాములని చెప్పారు. వెళ్లి వచ్చినవాళ్లను అడిగి చూడండి. చేతిలో ఒప్పందం లేకుండా, హెల్పరుగా చేరినవాడికి వెయ్యి దొరికితే గొప్ప. దిర్హాముకు 23 రూపాయలు వేసుకుంటే 23,000. తిండికీ ఫోనుకూ 350 దిర్హాములు పోగా మిగిలేది 650, అంటే సుమారు 15,000. అందులో వడ్డీ 9,600 తీసేయండి. మిగిలిన ఐదు వేల చిల్లరా నెలనెలా అసలుకే కట్టుకుంటూ పోయినా, ఆయన ప్రయాణానికి చేసిన లక్షా అరవై వేలు తీరడానికే దగ్గర దగ్గర రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ ఇంటికి పైసా రాదు. ఒక్క నెల కూడా జీతం ఆగకూడదు, ఆయనకు జ్వరం కూడా రాకూడదు. అంతా అనుకున్నట్టే జరిగినా, రెండేళ్ల తరువాత మీ చేతిలో ఉండేది బోర్ల కోసం చేసిన పాత రెండు లక్షల అప్పు, ఇవాళ ఎక్కడుందో అక్కడే.

ఇంకో చిన్న లెక్క. తాపీ మేస్త్రికి ఊరిలో రోజుకూలి 800 వేసుకున్నా, నెలకు ఇరవై రోజులు పని దొరికితే 16,000. ఇది మీ ఆయనకు తెలియదా? పాతికేళ్లు గోడలు కట్టిన మనిషికి కూలి లెక్కలు మనం చెప్పాలా? తెలిసి కూడా దుబాయి అంటున్నారంటే కారణం జీతం ఒక్కటే కాదు. అప్పు ఇచ్చినవాడు రోజూ ఎదురుపడే ఊళ్లో, అదే వీధిలో తాపీ పట్టుకుని నడవడం ఎంత నరకమో ఆయనకే తెలుసు. విమానం ఎక్కితే ఆ ముఖం కనబడదు. నేను ఆయనను తప్పు పట్టడం లేదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు. మూడు తరాలుగా మగవాళ్లు ఊరి అప్పుకు ముఖం తప్పించుకుని వెళ్లిన దారులే అవి. అయితే ఆయన వెళతారు గానీ ఆయన అప్పు వెళ్లదు. అది మీ గుమ్మం ముందే కూర్చుంటుంది. రేపటి నుంచి దానికి జవాబు చెప్పవలసింది మీరు.

ఇది నేను చూసి చెబుతున్న మాట. మా నాన్న 1991లో మస్కట్ వెళ్లారు. అమ్మ మీలాగే బీడీలు చుట్టేది. తెల్లవారుజామున అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఉండగానే వడ్డీ వ్యాపారి వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కేకలు వేసేవాడు కాదు. మంచినీళ్లు అడిగి తాగి, చెంబు నెమ్మదిగా కింద పెట్టి, ‘డ్రాఫ్టు వచ్చిందా?’ అనేవాడు. ‘ఈ వారంలో వస్తుంది’ అని అమ్మ తల ఎత్తకుండా చెప్పేది. నాన్న మాత్రం సెలవు మీద వచ్చేవాళ్లతో క్యాసెట్లు పంపేవారు. పక్కింటి టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుని వినేవాళ్లం. ‘నేను బాగున్నాను, మీరు బాగున్నారా?’ అని మొదలుపెట్టి, పేరుపేరునా అందరినీ, చివరికి గేదెను కూడా అడిగేవారు. నడుమ నడుమ మీట నొక్కి ఆపిన చప్పుడు, మళ్లీ గొంతు. ఎందుకు ఆపుతున్నారో అప్పుడు మాకు అర్థం కాలేదు. నాలుగు నెలలుగా జీతం ఇవ్వడం లేదన్న మాట ఎక్కడ నోరు జారుతుందోనని ఆపి, ఆలోచించుకుని మళ్లీ మాట్లాడేవారని ఆయన తిరిగి వచ్చాక తెలిసింది. ఈ నాలుగు నెలలూ అమ్మ అరుగు మీది మనిషికి ‘ఈ వారం’ అని చెబుతూనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకూడదనుకున్నారు. వడ్డీ మాత్రం ఇద్దరికీ తెలియకుండా పెరిగింది.

ఇక విజిట్ వీసా సంగతి. అది చుట్టపు చూపుగా వెళ్లి వచ్చేందుకు ఇచ్చే కాగితం. దాని మీద పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. గడువు దాటి ఒక్కరోజు ఉన్నా జరిమానా రోజుకు 50 దిర్హాములు. నెలకు లెక్కవేస్తే 1,500. మీ చుట్టం ఆశపెట్టిన జీతం అంకె, ఈ జరిమానా అంకె ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ నాకు మాత్రం వెన్ను జలదరించింది. గడువు దాటినవాడు కంపెనీలో చేరలేడు, జరిమానా కట్టకుండా ఇంటికీ రాలేడు. దొరికిన చోట దొరికిన కూలికి దాక్కుని పని చేస్తాడు. గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇలాంటివాళ్లను ‘ఖల్లివెల్లి’ అంటారు. ఎప్పుడో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే, దేశం విడిచి వెళ్లేందుకు ఇచ్చే ఔట్‌పాస్ అనే కాగితం తీసుకుని బయటపడాలి. ఎమిరేట్స్‌లో 2018లో ఒకసారి, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఇంకోసారి అలా అవకాశం ఇచ్చారు. నడుమ చిక్కుకున్నవాడు ఎదురుచూడవలసిందే. ‘ఆజాద్ వీసా’ అన్నా నమ్మకండి. ఆ పేరుతో అక్కడ ఏ వీసా లేదు. ఒక యజమాని పేరు మీద వీసా కొని ఇంకోచోట పని చేయడాన్నే అలా పిలుస్తారు, అదీ చట్టవిరుద్ధమే.

మీ ఆయన పదో తరగతి పాస్ కాలేదు కనుక ఆయన పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఈ అనుమతి అడ్డంకి అనుకుంటారు చాలామంది. మీ చుట్టం విజిట్ వీసా అంటున్నది ఈ అనుమతి తప్పించడానికే. విమానాశ్రయంలో అడిగితే ‘చూడటానికి వెళుతున్నాను’ అని చెప్పమని కూడా నేర్పిస్తాడు, చూడండి. ఆ ఒక్క అబద్ధంతో మీ ఆయన మన ప్రభుత్వ లెక్కల్లోనే లేకుండా పోతారు. అనుమతి తీసుకుని వెళితే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మనిషి పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు వస్తాయి. మీ చుట్టానికి ఇచ్చే లక్షా అరవై వేలలో ఈ 275 లేదు.

అసలు చట్టప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు. జీఎస్టీతో కలిపి 35,400. అంతకు మించి అడగకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని మనుషులను పంపడం 1983 నాటి వలసల చట్టం కింద నేరం. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. ‘మనవాడు, మోసం చేస్తాడా?’ అని మీ అత్తగారు అనవచ్చు. మోసం చేస్తాడని నేనూ అనడం లేదు. పల్లెల్లో తిరిగే ఇలాంటివాళ్లలో చాలామంది పట్నంలోని ఇంకొకరికి మనుషులను అప్పజెప్పి కమీషన్ తీసుకునేవాళ్లే. రేపు ఏదైనా జరిగితే అతనూ మీలాగే ఫోను పట్టుకుని కూర్చుంటాడు. మంచివాడు కావడం వేరు, బాధ్యుడు కావడం వేరు.

మీ చెల్లెలి విషయంలో మాత్రం నాకు ఆలోచించడానికి ఏమీ లేదు. పంపకండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. వెళ్లినా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. 26 ఏళ్ల అమ్మాయిని తీసుకువెళతానంటున్నాడంటే దొంగదారినే. డబ్బు అక్కరలేదంటే అర్థం, ఆ డబ్బు అక్కడి యజమాని దగ్గర ముందే తీసుకుంటారని. అలా డబ్బు పోసి తెచ్చుకున్న మనిషిని ఆ ఇంటివాళ్లు తమ సొత్తుగానే చూస్తారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో మంచి ఇళ్లు దొరికి, పిల్లలను చదివించుకున్నవాళ్లూ ఉన్నారు. తలుపులకు బయట తాళం పడినవాళ్లూ ఉన్నారు. తాళం పడినప్పుడు ఎవరిని అడగాలో తెలియని దారిలో మాత్రం ఎవరినీ పంపకూడదు.

ఇదంతా చదివి, కాగితాలు సక్రమంగా ఉంటే చాలు అనుకుంటారేమో, అదీ నిజం కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఎక్కువమంది ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు. కాగితం మంటను ఆపలేదు. కానీ ఎవరు చనిపోయారో రెండు రోజుల్లో తెలిసింది, శవాలు మూడో రోజుకల్లా విమానంలో వచ్చాయి. లెక్కలో లేని మనిషి పోతే శవపేటిక కోసం ఇంట్లోవాళ్లు నెలల తరబడి కాళ్లరిగేలా తిరిగిన కథలు మీ జిల్లాలో మీకు నేను చెప్పాలా? గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 2024 నుంచి ఐదు లక్షలు ఇస్తోంది. అది మంచిదే. ఆ జీవో తేవడానికి ఎందరు భార్యలు ఎన్నేళ్లు ధర్నాలలో కూర్చోవలసి వచ్చిందో అని మాత్రం నాకు అనిపిస్తుంటుంది.

మరి వెళ్లవద్దా అంటే, నేను అలా అనడం లేదు. వెళ్లి ఇల్లు కట్టుకున్నవాళ్లు, అప్పు తీర్చుకున్నవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. మా నాన్న కూడా చివరికి తీర్చారు, ఎనిమిదేళ్లు పట్టింది. మీ ఆయన తాపీ మేస్త్రి కావడం మీకున్న బలం. హెల్పరుగా కాకుండా పనితనం పరీక్షకు నిలబడి మేస్త్రిగా వెళితే జీతం వేరు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. అక్కడ పేరు నమోదు చేయించండి. ఆలస్యమవుతుంది, ఈ నెల 15 లోపు మాత్రం కాదు. వెళ్లే ముందు చేతిలో ఉద్యోగ ఒప్పందం ఉండాలి. దాంట్లో జీతం, పనిగంటలు, బస ఎవరిదో రాసి ఉండాలి. దాని నకలు, పాస్‌పోర్టు నకలు, వీసా నకలు మీ దగ్గరా ఒక జత ఉండాలి. బీడీల గంపలో కాదు, బియ్యం డబ్బాలో పెట్టండి, తంబాకు తేమ కాగితాన్ని తినేస్తుంది. ఇది మా అమ్మ నేర్చుకున్న పాఠం.

ఈలోగా చేయవలసింది ఇంటి దగ్గరే ఉంది. మూడు రూపాయల అప్పును మార్చడం. మీరు మహిళా సంఘంలో ఉన్నారని రాశారు. సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం, స్త్రీనిధి రుణం రూపాయికి అటుఇటుగానే పడతాయి. రెండు లక్షలూ ఒక్కసారి రాకపోవచ్చు, లక్ష వచ్చినా నెలకు రెండు వేల దాకా మిగులుతుంది. ఒక్క హెచ్చరిక: ఆ డబ్బు ఏజెంటు చేతికి పోకూడదు. సంఘం అప్పు ఎగిరిపోతే మీతోపాటు కూర్చునే పదిమంది ఆడవాళ్ల ముఖం చూడలేరు. పంట రుణం సంగతి బ్యాంకుకు వెళ్లి అడగండి, తప్పించుకుని తిరగకండి. పొలం కౌలుకు ఇవ్వగలిగితే ఇవ్వండి. ఐదో బోరు మాట మాత్రం ఎవరెత్తినా వినకండి, ఎంత పేరున్న నీళ్ల జోస్యుడు కొబ్బరికాయ పట్టుకుని వచ్చినా సరే.

మీ అత్తగారితో వాదించకండి. నలుగురిలో అన్నమాటకు నలుగురిలో జవాబు చెబితే అది పంతమవుతుంది. పైన వేసిన లెక్క కాగితాన్ని ఆమె ముందు పెట్టి, ఒక్కో అంకె చదివి వినిపించండి. ‘అత్తమ్మా, నేను వద్దనడం లేదు, ఈ వడ్డీ ఎవరు కట్టాలో మీరే చెప్పండి’ అని అడగండి. ఆ చుట్టం ఆమె తరఫువాడు. లైసెన్సు నంబరు, రసీదు ఆమెతోనే అడిగించండి. మీరు అడిగితే అనుమానం అవుతుంది, ఆమె అడిగితే పెద్దరికం అవుతుంది.

ఇక మీరు చివరలో, వేరే సంగతి చెబుతూ రాసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆయన ఇంటికి రాకుండా పొలం దగ్గరే పడుకుంటున్నారని రాశారు. అప్పుల్లో ఉన్న మనిషి ఒంటరిగా పడుకోవడం మంచిది కాదు. ఈ ఉత్తరంలోని మిగతా అన్ని పనులకన్నా ముందు ఈ పని చేయండి. పొలం దగ్గర కొట్టంలో పురుగుమందు డబ్బాలు ఉంటే ఇవాళే తీసుకువచ్చి తాళం వేయండి, లేదా పక్కింట్లో పెట్టించండి. రాత్రి అన్నం మీరే తీసుకువెళ్లి, బాబును ఆయన పక్కన పడుకోబెట్టండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులో మాట్లాడే మనుషులు రాత్రీ పగలూ ఉంటారు. ముందు మీరే చేయండి, ఆయనతో ఎలా మాట్లాడాలో చెబుతారు.

ఆయన ఇంటికి వచ్చాక, పదిహేనో తేదీ కన్నా ముందు ఒక సాయంత్రం పెద్దమ్మాయికి ఫోను ఇచ్చి, అందరి ముందూ ఈ-మైగ్రేట్‌లో ఆ లైసెన్సు నంబరు వెతికించండి. ఏం కనబడిందో నాకు రాయండి.